చెట్టుకో నంబరు... అందరికీ ఒకటే టేపు!

అడవికి పాస్‌పోర్టు అక్కర్లేదు. గాలికీ వానకీ వీసాలు లేవు. కానీ అడవిని లెక్కపెట్టే మనిషికి మాత్రం దేశం మారితే కొలత మారిపోతుంది, భాష మారిపోతుంది, ఆఖరికి చెట్టు పేరూ మారిపోతుంది. ఆ తేడాలన్నీ పక్కనపెట్టి ఎన్నో దేశాల పరిశోధకులు దశాబ్దాలుగా ఒకే పద్ధతిలో చెట్లను కొలుస్తున్నారు. వాళ్ల చేతిలో ఉన్నవి ఓ టేపూ ఓ నోటుపుస్తకమే. వాటితో వాళ్లు పట్టుకున్న సంగతి మాత్రం... భూగోళమంత!

జనాభా లెక్కలవాళ్లు ఇంటికొస్తే ఏమడుగుతారు? ఇంట్లో ఎంతమంది, ఎవరి వయసెంత, ఎవరేం చేస్తున్నారు... ఇంచుమించు ఇలాంటి లెక్కలే అడవిలోనూ జరుగుతాయి. కాకపోతే అక్కడ తలుపు తీసి సమాధానం చెప్పేవాళ్లుండరు. మనిషే ఒక్కో చెట్టు దగ్గరికీ వెళ్లాలి. బతికుందా, పడిపోయిందా చూడాలి. ఉంటే ఎంత లావయిందో కొలవాలి. పక్కన కొత్తగా ఎదిగిన మొక్క ఉంటే దానికీ ఓ నంబరు బిళ్ల కట్టాలి. ఐదేళ్ల తర్వాత మళ్లీ రావాలి. మరో ఐదేళ్లకి మళ్లీ...

వినడానికి తేలిగ్గానే ఉంది కదూ! కానీ ఆ చెట్లు లక్షల్లో ఉంటే? ఆ అడవులు పనామాలో, మలేసియాలో, కామెరూన్‌లో, మన నీలగిరుల్లో ఉంటే? ఒక తరం మొదలుపెట్టిన లెక్కని తర్వాతి తరం అదే పద్ధతిలో, అదే చెట్టు దగ్గర, అదే ఎత్తులో కొనసాగించాల్సి వస్తే? అసలు కష్టమంతా అక్కడే ఉంది.

కాలువ తవ్వితే పుట్టిన దీవి

ఈ కథ పనామా కాలువ దగ్గర మొదలైంది. ఓడలు వెళ్లే దారి కోసం గత శతాబ్దం మొదట్లో చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టారు. నీళ్లు నిలిచి గాటున్ సరస్సు ఏర్పడింది. చుట్టూ లోయలు మునిగిపోగా ఓ కొండ పైభాగం మాత్రం నీళ్లమధ్య దీవిలా మిగిలింది. అదే బారో కొలరాడో. 1923లోనే దాన్ని పరిశోధనల కోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. తర్వాత అది అమెరికాకు చెందిన స్మిత్సోనియన్ సంస్థ చేతికి వచ్చింది.

1980లో స్టీఫెన్ హబ్బెల్, రాబిన్ ఫోస్టర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ దీవిలో కిలోమీటరు పొడవు, అరకిలోమీటరు వెడల్పున్న అడవి ముక్కని ఎంచుకున్నారు. అంటే 50 హెక్టార్లు, మన లెక్కలో సుమారు 124 ఎకరాలు. అందులో ఒక సెంటీమీటరు మందం దాటిన ప్రతి మొక్కకీ, ప్రతి చెట్టుకీ నంబరు వేయాలన్నది వాళ్ల ఆలోచన. అప్పటిదాకా అడవుల్లో పెద్ద చెట్లనే, అదీ కొద్దిపాటి జాగాలో లెక్కపెట్టేవారు. ‘అన్నీ కొలుస్తారా? పిచ్చి కాకపోతే!’ అనిపించే పని అది. అయినా చేశారు. తొలి లెక్క పూర్తయ్యేసరికి అక్కడ తేలిన చెట్లు రెండు లక్షలకు పైమాటే. జాతులు సుమారు 300.

ఎందుకంత శ్రమ? ఉష్ణమండల అడవుల్లో ఇన్ని జాతులు పక్కపక్కనే ఎలా బతుకుతున్నాయన్నది వాళ్ల ప్రశ్న. బలమైన జాతి ఒక్కటే మిగతావాటిని తొక్కేసి అడవంతా ఆక్రమించాలి కదా! అలా ఎందుకు జరగడం లేదు? దానికి జవాబు వెతుకుతుండగానే ప్రకృతి ఇంకో పాఠం చెప్పింది. 1983లో ఎల్‌నినో ప్రభావంతో పనామాలో తీవ్రమైన కరవొచ్చింది. తర్వాతి లెక్కల్లో చూస్తే చెట్ల చావులు మామూలుకన్నా ఎక్కువున్నాయి. నీటి తడి ఎక్కువగా కోరుకునే జాతులు తగ్గుముఖం పట్టాయి. పైకి చూస్తే అడవి పచ్చగానే ఉంది. నంబరు బిళ్లలు లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేదే కాదు.

కానీ ఇది పనామాలో ఒక్క దీవి కథేనా? లోకంలోని అడవులన్నిటి కథా? ఒక్క చోట కొలిస్తే ఈ ప్రశ్నకి జవాబు దొరకదు. అందుకే లెక్క సరిహద్దులు దాటాల్సి వచ్చింది.

నీలగిరుల్లో మన లెక్క

మలేసియాలోని పాసో అడవిలో అదే కొలతతో, అంటే 50 హెక్టార్లలో, 1980ల మధ్యలో రెండో పెద్ద లెక్క మొదలైంది. అక్కడి అటవీ పరిశోధన సంస్థతో పాటు హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త పీటర్ ఆష్టన్ దానికి ఊపిరిపోశారు. తేలిన చెట్లు మూడు లక్షల పైచిలుకు, జాతులు 800కి పైనే!

మూడోది మన దేశంలోనే. తమిళనాడులోని ముదుమలై అడవిలో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రవేత్తలు 1988లో 50 హెక్టార్ల ప్లాటు వేశారు. ఏనుగుల పరిశోధనలో పేరొందిన రామన్ సుకుమార్ దానికి సారథి. అక్కడ కనిపించిన చెట్లు పాతికవేల పైచిలుకు. జాతులు 70 దాకా. మలేసియాతో పోలిస్తే ఎక్కడా పొంతన లేదు కదూ! అంటే మన అడవి పేదదని కాదు. అది ఏటా ఆకురాల్చే ఎండుటడవి. టేకు, నల్లమద్ది, చిరుమాను, రేల, ఉసిరి... నల్లమలలోనో ఆదిలాబాద్ అడవుల్లోనో తిరిగినవాళ్లకి ఈ చెట్లన్నీ చుట్టాలే.

పనామా లెక్కలో కనిపించనివి రెండు ముదుమలైలో కనిపించాయి. ఒకటి కార్చిచ్చు, రెండోది ఏనుగు. తరచూ రేగే మంటల వల్ల చిన్న మొక్కలు చనిపోతున్నాయి, పెద్ద మాన్లు మాత్రం తట్టుకుంటున్నాయి. ఇక ఏనుగులు ఇష్టంగా విరిచి తినే కైడియా అనే చిన్నపాటి చెట్టు ఆ ప్లాటులో బాగా తగ్గిపోయింది. మూడు అడవులు మూడు రకాలుగా మారుతున్నాయని తేలింది. మూడుచోట్లా ఒకేలా కొలవబట్టే ఆ తేడా కొలతలోది కాదు, అడవిలోనిదేనని ధైర్యంగా చెప్పగలిగారు.

1990లో స్మిత్సోనియన్ సంస్థ ఈ ప్లాట్లన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చింది. తర్వాతి కాలంలో ‘ఫారెస్ట్‌జియో’గా పేరు మార్చుకున్న ఆ బృందంలో ఇప్పుడు 70కి పైగా ప్లాట్లున్నాయి. అమెరికాలు, ఆఫ్రికా, ఆసియా, యూరప్ ఖండాల్లో అవి విస్తరించాయి. థాయిలాండ్, శ్రీలంక, ఈక్వెడార్, కామెరూన్, కాంగో, చైనా... జాబితా పెద్దదే. నిఘాలో ఉన్న చెట్లు 70 లక్షల దాకా ఉంటాయి.

ఛాతీ ఎత్తు... ఎవరి ఛాతీ?

పదిమంది టైలర్లు ఒకే చొక్కాకి కొలత తీస్తే పది అంకెలు వస్తాయి. చెట్ల విషయమూ అంతే. చెట్టు లావుని ఛాతీ ఎత్తులో కొలవాలన్నది అటవీశాఖలన్నిటికీ తెలిసిన సూత్రం. మరి ఛాతీ ఎత్తంటే ఎంత? యూరప్ దేశాల్లో 1.30 మీటర్లు. మనదేశంలో, అమెరికాలో నాలుగున్నర అడుగులు... అంటే 1.37 మీటర్లు. ఏడు సెంటీమీటర్ల తేడా! ‘ఆ మాత్రానికేనా’ అనిపిస్తుంది. కానీ చెట్టు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఉష్ణమండల అడవుల్లో చాలా చెట్లు ఏడాదికి లావయ్యేది కొన్ని మిల్లీమీటర్లే. మొదటిసారి పైన కొలిచి రెండోసారి కింద కొలిస్తే పెరగని చెట్టు కూడా పెరిగినట్టే లెక్కలోకి వస్తుంది. లక్షల చెట్లకి అదే పొరపాటు జరిగితే అడవే పెరిగిపోతోందని పొంగిపోతాం!

అందుకే అంతర్జాతీయ ప్లాట్లలో అందరూ 1.30 మీటర్లకే కట్టుబడ్డారు. చుట్టుకొలతా, మందమా అన్నది ముందే తేల్చుకున్నారు. కొమ్మ ఉన్నచోట ఏం చేయాలి, కాండం ఉబ్బినచోట ఏం చేయాలి, తీగ అల్లుకుంటే టేపుని దాని కిందనుంచి ఎలా దూర్చాలి... ఇలాంటివన్నీ రాసిపెట్టుకున్న నిబంధనల పుస్తకాలున్నాయి. కొత్తగా చేరినవాళ్లు ముందు వాటిని చదివి, అనుభవజ్ఞుల వెంట తిరిగి, చేయి కుదిరాకే సొంతంగా కొలుస్తారు. కొన్ని చెట్లని రెండోసారి వేరేవాళ్లతో కొలిపించి తేడా ఎంతొస్తోందో కూడా చూసుకుంటారు.

ఇక పేర్ల తంటా ఇంకో రకం. మన తెల్లబూరుగనే తీసుకోండి. అదే చెట్టుని పెరూలో ‘లుపూనా’ అంటారు. బ్రెజిల్‌లో ‘సుమౌమా’. ఫ్రెంచి మాట్లాడే ఆఫ్రికా దేశాల్లో ‘ఫ్రొమాజే’. ఒక్క చెట్టుకే ఇన్ని పేర్లుంటే వేల జాతుల మాటేమిటి? శాస్త్రీయ నామం రాస్తే సరిపోతుందిగా అనుకోవచ్చు. కానీ పువ్వూ కాయా లేని చెట్టుని ఆకు చూసి గుర్తుపట్టడం అంత సులువు కాదు. సందేహం వచ్చిన ప్రతిసారీ రెమ్మ కోసి, ఎండబెట్టి, హెర్బేరియంలో భద్రపరచిన పాత నమూనాలతో పోల్చాలి. అడవుల లెక్కలో టేపు పట్టేవాళ్లు ఎంత ముఖ్యమో, ఆకు చూసి పేరు చెప్పగల స్థానిక నిపుణులూ అంతే ముఖ్యం. వాళ్లు దొరకడమే అరుదు.

పైగా ఆ ఆకుని దేశం దాటించాలంటే చట్టాలున్నాయి. ఒకప్పుడు విదేశీయులు వచ్చి మొక్కలు పట్టుకుపోయి లాభపడ్డ చరిత్ర చాలా దేశాలకి ఉంది. అందుకే 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందం తర్వాత ఏ దేశపు మొక్కమీద ఆ దేశానిదే హక్కయింది. మన దేశమూ 2002లో చట్టం చేసింది. విదేశీ పరిశోధకులు ఇక్కడి జీవసంపదను తీసుకోవాలంటే అనుమతి తప్పనిసరి. కాబట్టి అంకెలు కంప్యూటర్‌లో క్షణంలో సముద్రాలు దాటినా ఆకు మాత్రం కదలదు. ఏ దేశంలో ప్లాటుందో ఆ దేశంలోనే నిపుణులు తయారవ్వాలి. ఒకరకంగా అది మంచికే అయింది.

*

ఒక చెట్టుని ఎలా కొలుస్తారంటే...

* ముందు అడవిని 20 మీటర్ల చదరాలుగా విభజిస్తారు. మూలల్లో గుర్తులు పాతుతారు. దాంతో ప్రతి చెట్టుకీ ‘ఇంటి అడ్రసు’ వచ్చేస్తుంది.

* చెట్టుకి అల్యూమినియం బిళ్ల కడతారు. దానిమీద నంబరుంటుంది. చెట్టు పోయినా ఆ నంబరు ఇంకో చెట్టుకి ఇవ్వరు.

* నేలనుంచి 1.30 మీటర్ల ఎత్తులో టేపు చుట్టి కొలుస్తారు. పెద్ద చెట్లకి కొలిచినచోట రంగు గీత గీస్తారు. తర్వాత వచ్చేవాళ్లు అక్కడే కొలవాలి మరి!

* కొన్ని మహావృక్షాల మొదట్లో గోడల్లాంటి వేర్లు మనిషెత్తుకన్నా పైకి లేస్తాయి. అలాంటప్పుడు నిచ్చెన వేసుకుని వాటి పైన కొలుస్తారు.

* వచ్చిన అంకెని పాత లెక్కతో పోలుస్తారు. ‘చెట్టు బాగా సన్నబడింది’ అని వస్తే ఎక్కడో పొరపాటు జరిగి ఉండొచ్చు. మళ్లీ వెళ్లి చూడాల్సిందే.

*

యూరప్‌కి నేర్పిన ఆమ్లవర్షం

దేశాలు కలిసి అడవిని చూసుకోవాలన్న సంగతి యూరప్‌కి దెబ్బ తగిలాకే అర్థమైంది. ఒక దేశంలో ఫ్యాక్టరీ పొగగొట్టం, ఇంకో దేశంలో ఆమ్లవర్షం! బొగ్గు కాల్చిన పొగలోని గంధకం గాలిలో వందల కిలోమీటర్లు ప్రయాణించి స్వీడన్, నార్వేల చెరువుల్లో చేపల్ని చంపుతోందని గుర్తించారు. తర్వాత జర్మనీ అడవుల్లో చెట్లు బోడిగా మారుతుండటంతో గగ్గోలు పుట్టింది. ‘మా పొగ కాదంటే మా పొగ కాద’ని వాదించుకుంటే తేలేది కాదు. 1979లో జెనీవాలో వాయుకాలుష్యంపై ఒప్పందం కుదిరింది. ప్రచ్ఛన్న యుద్ధపు రోజుల్లో కూడా అటు తూర్పు దేశాలూ ఇటు పశ్చిమ దేశాలూ దానిమీద సంతకాలు చేశాయి. ఆ ఒప్పందం కిందే 1985లో అడవుల ఆరోగ్యాన్ని గమనించే ఉమ్మడి కార్యక్రమం పుట్టింది. దాని పేరు ‘ఐసీపీ ఫారెస్ట్స్’.

వాళ్లకి ఎదురైన మొదటి చిక్కేమిటో తెలుసా? ‘ఈ చెట్టుకి ఎన్ని ఆకులు తగ్గాయి’ అని అడిగితే ఒక్కో దేశం మనిషి ఒక్కో మాట చెప్పడం. ఒకరికి బాగున్న చెట్టు ఇంకొకరికి జబ్బుచెట్టు! దాంతో వేర్వేరు దేశాల పరిశీలకుల్ని ఒకేచోటికి పిలిచి, ఒకే చెట్టు కింద నిలబెట్టి అంచనా వేయించడం మొదలుపెట్టారు. ఎవరి కన్ను ఎంత తేడాగా చూస్తోందో దాంతో బయటపడుతుంది. ప్రయోగశాలలకీ అదే పరీక్ష. ఒకే ఆకుల పొడిని అన్ని దేశాల ల్యాబులకీ పంపుతారు. అందరి జవాబూ దగ్గర దగ్గరగా రావాలి. రాకపోతే లోపం ఎక్కడుందో దిద్దుకోవాలి.

ఫలితం? కాలుష్యం మీద ఆంక్షలు పెట్టాక అడవుల్లో పడే గంధకం బాగా తగ్గిందని ఆ ప్లాట్ల లెక్కలే చూపించాయి. పొగ తగ్గించమని అడగడానికీ, తగ్గించాక మేలు జరిగిందని చెప్పడానికీ కూడా సాక్ష్యం అదే.

అలసిపోతున్న అమెజాన్

సరిహద్దులు దాటిన లెక్క అసలు విలువ అమెజాన్‌లో బయటపడింది. ఆ మహారణ్యం బ్రెజిల్ ఒక్కదానిదే కాదు. పెరూ, కొలంబియా, బొలీవియా, ఈక్వెడార్, వెనెజులా, గయానా, సురినామ్, ఫ్రెంచ్ గయానా... అన్నిటిలోకీ పాకింది. అక్కడక్కడా ఎవరికివారు వేసుకున్న ప్లాట్లు చాలా ఉండేవి. ఆల్విన్ జెంట్రీ అనే అమెరికా వృక్షశాస్త్రవేత్త, అప్పటి యువ పరిశోధకుడు ఆలివర్ ఫిలిప్స్ కలిసి అలాంటి విడివిడి లెక్కల్ని ఒకచోట చేర్చి చూశారు. ఉష్ణమండల అడవుల్లో చెట్లు పుట్టడం, చావడం రెండూ వేగం పుంజుకున్నాయని వాటిలో కనిపించింది. ఆ పరిశోధన 1994లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. అచ్చులో చూసుకోవడానికి జెంట్రీ లేరు. 1993 ఆగస్టులో ఈక్వెడార్ అడవులపై సర్వే చేస్తుండగా విమానం కూలి చనిపోయారు.

ఆ పనిని కొనసాగిస్తూ 2000లో ‘రెయిన్‌ఫార్’ అనే ఉమ్మడి వేదిక ఏర్పడింది. 2005లో అమెజాన్‌లో కరవు వచ్చినప్పుడు ఈ బృందాలు వివిధ దేశాల్లోని ప్లాట్లకు వెళ్లి మళ్లీ కొలిచాయి. మామూలుగా గాలిలోని కార్బన్‌ని పీల్చుకునే అడవి ఆ కరవులో ఎదురు కార్బన్‌ని కోల్పోయిందని 2009లో ప్రకటించాయి.

అసలు బాంబు పేలింది 2015లో. అమెజాన్ అంతటా 321 ప్లాట్లలో పోగైన దాదాపు 30 ఏళ్ల లెక్కలన్నీ కలిపి చూస్తే 1990లతో పోలిస్తే 2000ల్లో అడవి కార్బన్‌ని దాచుకునే వేగం మూడోవంతు తగ్గిపోయింది. చెట్ల పెరుగుదల ఒకచోట ఆగిపోయింది, చావులు మాత్రం పెరిగాయి.

మరి ఆఫ్రికా? అక్కడా ఇదే పద్ధతిలో 11 దేశాల్లోని 244 ప్లాట్లు కొలిచారు. ఆఫ్రికా అడవులు చాలాకాలం నిలకడగానే ఉన్నాయి. కానీ 2010 తర్వాత వాటిలోనూ తగ్గుదల జాడలు కనిపించాయి. ఈ రెండు ఖండాల లెక్కా కలిపి 2020లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. మనిషి చెయ్యి పెద్దగా పడని ఉష్ణమండల అడవులు 1990ల్లో గాలినుంచి సుమారు 4,600 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ని తొలగించాయి. 2010ల్లో అది 2,500 కోట్ల టన్నులకి పడిపోయిందని అంచనా. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఒకప్పుడు 17 శాతాన్ని మింగిన ఆ అడవులు తర్వాత 6 శాతమే మింగగలుగుతున్నాయి. ఒకపక్క మన పొగ పెరిగింది, మరోపక్క అడవి శక్తి తగ్గింది, అడవి విస్తీర్ణమూ కుంచించుకుపోయింది.

అదే ఏడాది వచ్చిన మరో పరిశోధన ఇంకో హెచ్చరిక చేసింది. ఉష్ణమండల దేశాల్లోని 590 శాశ్వత ప్లాట్ల లెక్క ప్రకారం, అత్యంత వేడిగా ఉండే నెలలో పగటి ఉష్ణోగ్రత 32.2 డిగ్రీలు దాటితే అడవి కార్బన్ నిల్వలు వేగంగా తగ్గిపోతాయి.

ఒక్క ప్లాటు చూసి ఈ మాట చెప్పగలమా? లేదు. ఒక హెక్టారులో ఒక మహావృక్షం కూలినా లెక్క తారుమారవుతుంది. వందల ప్లాట్లు, పదుల దేశాలు, దశాబ్దాల కాలం... మూడూ కలిస్తేనే అడవి అలసిపోతోందన్న సంగతి అంకెల్లో కనిపించింది.

తుపాకుల మధ్య దాచిన లెక్కలు

ఇలాంటి లెక్కలకి చెదపురుగులకన్నా పెద్ద శత్రువు యుద్ధం. కాంగోలోని ఇటురి అడవిలో 1990ల మధ్యలో ప్లాట్లు వేశారు. కొద్దికాలానికే దేశం అంతర్యుద్ధంలో పడింది. సాయుధ ముఠాలు అడవిలో తిరుగుతుంటే చాలామంది ప్రాణాలు అరచేత పట్టుకుని వెళ్లిపోయారు. అక్కడే ఉండిపోయినవాళ్లలో కార్నీల్ ఎవాంగో ఒకరు. స్థానిక వృక్షశాస్త్రవేత్త. పరిశోధన కేంద్రంలోని మొక్కల నమూనాల్నీ కంప్యూటర్లనీ ఏళ్ల తరబడి రాసిన లెక్కల్నీ దోపిడీకి గురికాకుండా కాపాడాడు. ఒక దశలో ఆయనే అడవిలో నెలల తరబడి తలదాచుకోవాల్సి వచ్చింది. 2005లో ఆయనకి ప్రతిష్ఠాత్మకమైన గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం దక్కింది.

ఆ కాగితాల్లో ఉన్నవి చెట్ల నంబర్లూ కొలతలే. కానీ అవి పోతే మళ్లీ సంపాదించలేం. ఇల్లు కూలితే మళ్లీ కట్టుకోవచ్చు. 1995లో ఒక చెట్టు ఎంత లావుందో 2005లో వెళ్లి కొలవలేం కదా!

చెమట ఒకరిది... పేరొకరిది

యుద్ధాలు లేనిచోట కూడా చిక్కులున్నాయి. మొదటిది డబ్బు. పరిశోధనలకి నిధులు సాధారణంగా మూడేళ్లకో ఐదేళ్లకో ఇస్తారు. చెట్టేమో వందేళ్లు బతుకుతుంది. ‘కిందటిసారి చేసిందే మళ్లీ చేస్తాం, డబ్బివ్వండి’ అంటే నిధులిచ్చేవాళ్లకి ఉత్సాహం ఉండదు. కొత్తదనం కావాలంటారు. కానీ ఈ పనికి విలువ తెచ్చేదే కొత్తదనం లేకపోవడం!

రెండోది గౌరవం. వానలో తడిసి, జలగలతో రక్తం పీల్పించుకుని చెట్లు కొలిచేది ఎక్కువగా పెరూలోనో కామెరూన్‌లోనో మలేసియాలోనో ఉండే స్థానికులు. ఆ అంకెల్ని కంప్యూటర్‌లో విశ్లేషించి పెద్ద పత్రికలో ప్రచురించుకునే అవకాశం ఎక్కువగా దక్కేది సంపన్న దేశాల విశ్వవిద్యాలయాలకి. ‘లెక్కలన్నీ అందరికీ ఉచితంగా ఇచ్చేయండి, సైన్సు బాగుపడుతుంది’ అని ఒక వాదన. వినడానికి బాగుంది. కానీ ‘మా దగ్గర లెక్కలు తీసుకుని, మాకు మళ్లీ కొలవడానికి డబ్బివ్వకుండా, మా పేరు కూడా వేయకపోతే రేపు కొలిచేదెవరు?’ అన్నది ఉష్ణమండల దేశాల పరిశోధకుల ప్రశ్న. 2022లో పలు దేశాల శాస్త్రవేత్తలు కలిసి ఈ విషయాన్ని బహిరంగంగానే చర్చకు పెట్టారు. లెక్కలు వాడుకునేవాళ్లు వాటి ఖర్చులోనూ పాలుపంచుకోవాలనీ, కొలిచినవాళ్లని పరిశోధనలో భాగస్వాముల్ని చేయాలనీ కోరారు.

అందుకే కొన్ని ఉమ్మడి వేదికలు మధ్యేమార్గం పట్టాయి. లెక్కలు ఒకేచోట భద్రంగా ఉంటాయి. యజమానులు మాత్రం కొలిచినవాళ్లే. ఎవరు ఏ పనికి వాడుకోవాలన్నా ముందు వాళ్లని అడగాలి. కలిసి రాయాలి. ఆఫ్రికా, అమెజాన్ అడవులపై వచ్చిన పెద్ద వ్యాసాల్లో రచయితల పేర్లే చాంతాడంత ఉండటానికి కారణం ఇదే.

ఉపగ్రహం ఉండగా టేపెందుకు?

ఈ ప్రశ్న సహజం. 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచి ‘నిసార్’ ఉపగ్రహం నింగికెగిరింది. ఇస్రో, నాసా కలిసి తయారుచేసిన ఈ రాడార్ ఉపగ్రహం 12 రోజులకోసారి భూమిని చుట్టబెడుతుంది. మబ్బులున్నా చీకటున్నా చూడగలదు. అడవుల బరువుని అంచనా వేయడం దాని పనుల్లో ఒకటి. అంతకు మూడు నెలల ముందే యూరప్ అంతరిక్ష సంస్థ అడవుల కోసమే ‘బయోమాస్’ అనే ఉపగ్రహాన్ని పంపింది. మరి ఇంకా ఈ జలగలూ నిచ్చెనలూ ఎందుకు?

ఎందుకంటే రాడార్‌కి తిరిగొచ్చేది ఒక సంకేతం మాత్రమే. అది ఎన్ని టన్నుల కలపతో సమానమో దానికి తెలియదు. నేలమీద కొలిచిన అడవితో పోల్చి ‘ఇంత సంకేతం వస్తే ఇంత బరువు’ అని నేర్పాలి. కొత్త తరాజుని నమ్మకమైన తూకపు రాయితో సరిచూసినట్టన్నమాట. ఆ తూకపు రాళ్లే ఈ ప్లాట్లు. పైగా ఏ జాతి పెరుగుతోంది, ఏది తగ్గుతోంది, కింద కొత్త మొక్కలు మొలుస్తున్నాయా లేదా అన్నది పైనుంచి తెలియదు. వేలకోట్ల రూపాయల ఉపగ్రహం కూడా ఆఖరికి వంద రూపాయల టేపు పట్టుకున్న మనిషి మాటమీదే ఆధారపడాలి!

1980ల తొలినాళ్లలో పనామా దీవిలో బొటనవేలంత లావుతో నంబరు కట్టించుకున్న మొక్కల్లో కొన్ని ఎన్నో లెక్కలు చూశాయి. తొలి లెక్కనాటి కుర్రాళ్లు ఇప్పుడు తాతలై ఉంటారు. వాళ్లు రాసిన అంకెల పక్కన వాళ్ల శిష్యుల అంకెలు, ఆ పక్కన శిష్యుల శిష్యుల అంకెలు చేరాయి. కాగితం మారింది, కంప్యూటర్ వచ్చింది. కొలిచే ఎత్తు మాత్రం మారలేదు. చెట్టు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఐదేళ్ల తర్వాత అదే నంబరు వెతుక్కుంటూ టేపు పట్టుకొచ్చే మనిషి ఉండాలి... సరిహద్దుకి అటైనా, ఇటైనా!